సున్నము పూసిన కుండ

ధ్యానభాగము: మత్తయి 9:14–17, మార్కు 2:18–22, లూకా 5:33–39



శ్రమదినములు వచ్చినవి. మన గోదావరి ప్రాంతములో ఈ దినములును తాటిగీత దినములును కలిసియే వచ్చును. సంక్రాంతి దాటిన పిమ్మట చెట్లెక్కుట మొదలుపెట్టి ఎండలు ముదిరి వానలు దగ్గరపడువరకు గీయుదురు. మీలో చేలగట్ల దగ్గర కాపురముండువారు తెల్లవారుజామున ప్రార్థనకు లేచినప్పుడు, మోకు చెట్టుకు రాసుకొను చప్పుడు వినియే యుందురు. మనము మోకాళ్లమీద నున్న ఆ గడియలో మన పొరుగువాడొకడు అరువది అడుగుల యెత్తున నుండును.

తన శిష్యులు ఉపవాసముండరేమని అడిగినవారికి ప్రభువు తిత్తుల ఉపమానము చెప్పెను. క్రొత్త ద్రాక్షారసము, పాత తిత్తి; తిత్తి పిగులును, రసము నేలపాలగును. ఈ వాక్యముమీద నేను ఎన్నిసార్లు ప్రసంగించితినో లెక్కలేదు. తొలి రోజులలో అంతయు పుస్తకములు చూచి చెప్పినదే. దాని భావము నాకు తెలియజేసినది వేదపాఠశాల కాదు, కోనసీమలోని ఒక కల్లుగీత కుటుంబము. ఇది నలుబది యేండ్ల క్రిందటి మాట. వారి పేరు ఇక్కడ వ్రాయను.

ఆ ఇల్లు మా ప్రార్థనామందిరమునకు రెండు గట్ల అవతల నుండెను. భర్త చెట్లెక్కును. భార్య లొట్లు కడుగును, కాల్చును, ఆరబెట్టును. పెద్దకొడుకు కావడి మోయును. ఇంట నున్న ముసలితండ్రి ఒకప్పుడు చెట్టుమీదనుండి పడి నడుము విరిగినవాడు. ఆయన అరుగుమీద కూర్చుండి కత్తులు నూరుచుండును. ఆ ఇంటిలో పని లేనివారు లేరు. చెట్లు పదిహేను. కొన్ని సొంతము, మిగిలినవి రైతుల గట్లమీద పాటకు తీసికొన్నవి.

ఆ పని ఎట్టిదో చూడనివారికి కొంచెము చెప్పవలెను. తాటిలో మగచెట్టును, ఆడచెట్టును వేరు. రెంటినుండియు రసము తీయుదురు. పూగెల బయటకు రాగానే దానిని కొయ్యపటకారుతో దినదినము మెల్లగా నొక్కి మెత్తపరతురు. తొందరపడి గట్టిగా నొక్కినయెడల గెల చచ్చును. కొన్ని దినములకు కొన చెక్కగా చుక్క రాలును. అటుపిమ్మట ఉదయమొకసారి, సాయంకాలమొకసారి, కాగితమంత పలుచగా కొన గీయవలెను. గీయని పూట గాయము ఎండి చుక్క ఆగిపోవును. అందువలన గీతవానికి ఆదివారము లేదు, పండుగ లేదు, జ్వరము లేదు. ఆరాధనకు ఆలస్యముగా వచ్చెనని నేను ఆయనను ఎన్నోమార్లు ఓరచూపు చూచితిని. చెట్టునకు నా గంట వినబడదని అప్పుడు నాకు తోచలేదు.

ఒకనాటి సాయంకాలము నేను ఆ గట్టున పోవుచుండగా ఆయన భార్య లొట్లు వరుసగా బోర్లించి, కొన్నింటికి లోపల తడి సున్నము పూయుచుండెను. కొన్నింటిని ఊరక వదలెను. ఇదేమని అడిగితిని.

“సున్నం పూసిన కుండలోది తియ్యగా ఉంటాదండి అయ్యగారూ. పిల్లలు తాగుతారు, బెల్లం కాసుకోవచ్చు. పూయనిదాంట్లోది పొద్దెక్కేసరికి పొంగుద్దండి, అది కల్లు.”

“రెండు చెట్లా?” అని అడిగితిని.

చెట్టు దిగుచున్న భర్త నవ్వి, “ఒక్క చెట్టేనండి, ఒక్క గెలేనండి. చెట్టుకి తియ్యన ఒక్కటే తెలుసండి. మిగతాదంతా కుండలో ఉంటాది. ఆయ్,” అనెను.

సహోదరులారా, ఇది నిజము. చెట్టునుండి రాలు చుక్కలో పులుపు లేదు, మత్తు లేదు. అందులో ఉన్నది చక్కెరయే, లీటరునకు నూరు గ్రాములకు పైగా. గాలిలోను, చెట్టు తొక్కమీదను, అన్నిటికంటె ఎక్కువగా నిన్నటి కుండ గోడలోను కంటికి కనబడని బూజు కణములు కలవు. రసము కుండలో పడగానే అవి చక్కెరను తిని మత్తును, గాలిని పుట్టించును. ఆ గాలియే నురుగు. కొన్ని గంటలలో కల్లగును, మరునాటికి పుల్లనగును, ఇంకను ఉంచినయెడల చిరకయగును. సున్నము ఆ కణములను ఎదుగనీయదు. అయితే సున్నము మితిమీరినయెడల బెల్లము నల్లబడి నాలుకకు చురుక్కుమనును. మన సంఘములలో కొందరు పెద్దలమాట నేనిక్కడ ఎత్తను. వారి కుండ పులియలేదు, నిజమే, గాని అందులోనిది ఎవరును త్రాగలేరు.

ఇప్పుడు తిత్తులమాట. మనము ద్రాక్షను వాక్యములో చదువుటయే గాని తోటలో చూచినది తక్కువ. మన డెల్టాలో తేమ యెక్కువ, వాన యెక్కువ, నేల బరువు. తీగెకు తెగులు పట్టును. తెలుగునేలమీద ద్రాక్షకు పేరుపడినది హైదరాబాదు చుట్టుపట్ల. అనాబ్-ఎ-షాహి అను తెల్లద్రాక్షను అక్కడ పందిళ్లమీద పెంచిరి. యూదయ కొండలలోనైతే ద్రాక్షతోట మనకు కొబ్బరితోట వంటిది, ఇంటింటి ఆస్తి. యెషయా అయిదవ అధ్యాయములో ఆ పని అంతయు వరుసగా కనబడును: రాళ్లు ఏరుట, మంచి తీగెలు నాటుట, బురుజు కట్టుట, తొట్టి తొలుచుట. ఆ తొట్టి బండలో తొలిచిన రెండు గుంటలు. పై గుంట వెడల్పైనది, దానిలో ఇంటివారందరు వట్టి కాళ్లతో పండ్లను త్రొక్కుదురు. రసము కాలువగుండ క్రింది గుంటలోనికి దిగును. నాబోతు రాజునకు కాదన్నది అట్టి తోటనే. అది ఆయన పితరుల స్వాస్థ్యము. రాజు దానిని కూరతోటగా చేసికొనగోరెను.

ఆ కుటుంబముల ఆనవాళ్లు నేలలో దొరికినవి. 1956 మొదలు 1962 వరకు జేమ్స్ ప్రిచర్డ్ అను అమెరికా పండితుడు యెరూషలేమునకు వాయవ్యమున ఎల్ జీబ్ అను ఊరిలో త్రవ్వించెను. అది యెహోషువ గ్రంథములోని గిబియోను. బండలో తొలిచిన రసపు కొట్లు 63 బయటపడినవి. గంట ఆకారము, మూతి చిన్నది, అడుగు వెడల్పు, లోతు సుమారు రెండు మీటర్లు. ఎండకాలమునకూడ లోపల చల్లగా నుండును. వాటితోపాటు కూజాల చెవులు ఏబదికి పైగా దొరకగా, వాటిమీద గిబియోను అను ఊరిపేరును, హనన్యా, అజర్యా, అమర్యా అను మనుష్యుల పేర్లును గీయబడియున్నవి. మధ్యనున్న ఒక మాటను ‘ప్రహరిగల తోట’ అని కొందరు పండితులు చదివిరి. అనగా హనన్యా ఇంటివారి తోట, అజర్యా ఇంటివారి తోట. యిర్మీయా 28వ అధ్యాయములో గిబియోనువాడైన హనన్యా అను అబద్ధ ప్రవక్త కలడు. ఆ పేరు చూచి ఇది ఆయన కూజాయే అనుకొనకుడి. ఆ ఊరిలో అది చాలమంది పేరు అయియుండును.

కూజా కాక తిత్తి వేరు. మేకతోలును పొట్ట చీల్చక మెడవైపునుండి ఒలిచి, కాళ్లదగ్గర కట్టి చేయుదురు. క్రొత్తతోలు సాగును. లోపల రసము పొంగి గాలి పుట్టినప్పుడు అది బుడగవలె ఉబ్బి ఓర్చుకొనును. ఒకసారి సాగి ఎండిన తోలునకు మరల సాగు శక్తి లేదు. అందులో పొంగునది పోసినయెడల పిగిలిపోవును. మూతి బిగించిన కల్లులొట్టిని ఎండలో కావడిమీద తీసికొనిపోవు పిల్లవానిని అడుగుడి, ఈ ఉపమానము మీకు వ్యాఖ్యానము లేకుండ చెప్పును.

ఇంతకాలము నేను ఈ వాక్యములో ఒక మాట చూడక విడిచితిని. క్రొత్తదే మంచిది, పాతది పారవేయుడి అని ప్రసంగించుచు వచ్చితిని. ప్రభువు చెప్పినది అది కాదు. మత్తయి సువార్తలో ఆ ఉపమానము ముగిసిన చోట చూడుడి. తగిన తిత్తిలో పోసినయెడల రసమును తిత్తియు రెండును చెడిపోకుండునని ప్రభువు చింత. లూకాలోనైతే పాత రసము రుచి మరిగినవాడు క్రొత్తదానిని వెంటనే కోరడని కూడ చెప్పెను. మనుష్యుల అలవాటు ఎంత బరువో ఎరిగి, జాలితో చెప్పిన మాట అది. తిత్తి పిగిలిపోవుట ఆయనకు ఇష్టము లేదు. నేను పిగులగొట్టినవాడను.

ఎట్లనగా, ఆ గీతవాని భార్య బాప్తిస్మము పొందినది. ఆయన పొందలేదు. ఒక శ్రమకాలమున ఆయనే నా యొద్దకు వచ్చి, “అయ్యగారండీ, ఈ ఈస్టరుకి నాకూ ఇప్పించండి,” అని అడిగెను. నేను చిన్నవాడను, నియమము నాకు నోటికి వచ్చును. “కల్లు మానివేసి రమ్ము,” అంటిని. ఆయన కొంతసేపు నిలుచుండి, “పిల్లలకేం పెట్టమంటారండి?” అని అడిగెను. “దేవుడు చూచుకొనును,” అంటిని. ఆ మాట నిజమే. అయితే దానిని చెప్పుటకు నాకేమియు ఖర్చు కాలేదు. నా జీతము నెలకు నెల వచ్చుచుండెను. ఆయన వెళ్లిపోయెను, తరువాత ఆరాధనకు రాలేదు.

కల్లు అమ్ముట మంచిదని నేను ఈ దినమునకూడ చెప్పను. పొరుగువానికి మత్తు పోయువానిని గూర్చి హబక్కూకు రెండవ అధ్యాయములో శ్రమ ప్రకటింపబడినది. సహోదరుని అడ్డగించు పానము మానుట మంచిదని పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. కూలిడబ్బు త్రాగి వచ్చి భార్యను కొట్టువాని ఇంటిలో రాత్రి గడిపిన పిల్లలను మన ఆదివారపు బడిలో చూచుచున్నాము. వారి తల్లుల బాధ ఎంతదో ఈ రాష్ట్రము చూచినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాకొట్టు మూయించిరి. ఆ కదలిక ఊరూరికి ప్రాకి 1993 అక్టోబరు 1న ప్రభుత్వమే సారా నిషేధించెను. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలింపబడెను.

మన పెద్దలకు అది క్రొత్త కాదు. 1937లో సేలము జిల్లాలో రాజాజీగారు మొదలుపెట్టిన నిషేధము 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికి వ్యాపించెను, మన గోదావరి జిల్లాలును అందులోనివే. అప్పుడు గీతవారు సున్నపుకుండలతో తీపిరసము తీసి బెల్లము కాచుకొనుటకు అనుమతి యిచ్చిరి. గాంధీగారు తాటిబెల్లమును ఎంతో ప్రోత్సహించియుండిరి. ఆలోచన మంచిదే. అయితే చాలమందికి ఆ బెల్లము కూడు పెట్టలేదు. గౌతు లచ్చన్నగారు గీతపనివారి పక్షమున పోరాడిరి. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రపు ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము అవిశ్వాస తీర్మానముతో పడిపోయినప్పుడు మద్యనిషేధపు వివాదమే దానికి ముఖ్య కారణము. చట్టము తెచ్చినవారి మనస్సు మంచిది. కుండ తీసివేయుట సులభము, దాని స్థానమున మరియొక కుండ పెట్టుట ప్రయాస. నేను ఆ గీతవానికి చేసినదియు అంతే. పాత కుండను పగులగొట్టుమంటిని, క్రొత్త కుండ ఇయ్యలేదు.

మా సంఘములో ఒక ముసలి పెద్ద యుండెను. చదువు తక్కువ. జరిగినది విని ఆయన నన్నేమియు అనక, మరునాడు ఆ గీతవాని ఇంటికి పోయి, “ఈ యేడు సగం చెట్లకి సున్నం పుయ్యి. పొయ్యిలోకి మా కొబ్బరిమట్టలు తోలిస్తాను. బెల్లం మన సంఘంలోవాళ్లం కొంటాం,” అని చెప్పెను. ఆ సంవత్సరము మేము తాటిబెల్లమే తింటిమి. ఏడెనిమిది లీటర్ల రసము కాచినగాని కిలో బెల్లము రాదు. ఆయన భార్య తెల్లవారినది మొదలు పొయ్యి దగ్గరనే. నేను దీనిని అద్భుతముగా చెప్పదలచుకొనలేదు. మరుసటి యేట చెరకుబెల్లము చవుకయైనది, కొబ్బరిమట్టలు ఇటుకబట్టీలకు పోయినవి, మావారు కొనుట తగ్గించిరి. ఏడు చెట్లకు బదులు మూడు చెట్లకే సున్నము మిగిలినది. ఆ తప్పు చెట్టుది కాదు, గీతవానిది కాదు. బెల్లము ముద్దకు రూపాయి ఎక్కువని బజారుకు పోయినవారము మేమే.

ఇప్పుడు ఇదే పని చదువుకొన్నవారును చేయుచున్నారు. రంపచోడవరము దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానములో తాటిరసమును చల్లగా దించి తీపిగా నిలుపుట, శుభ్రమైన బెల్లము చేయుట పరిశీలించుచున్నారు. 2023లో హైదరాబాదులో హుస్సేన్ సాగరము ఒడ్డున నీరా అమ్ము అంగడి తెరచిరి. ఆ ముసలి పెద్ద బ్రతికియుండినయెడల ఒక గ్లాసు త్రాగి, సున్నము ఎక్కువైనదని తప్పక అనియుండును.

ఇక బల్ల సంగతి. మీకందరికి తెలిసినదే, మన పల్లె సంఘములలో ప్రభురాత్రి భోజనమునకు రసము ఎట్లు చేయుదుమో. ద్రాక్షపండ్లు దొరకవు గనుక కిరాణాకొట్టులో ఎండుద్రాక్ష కొని, శనివారము కడిగి, నీళ్లలో నానబెట్టి, కాచి, పిసికి, గుడ్డలో వడగట్టుదురు. ఈ పులియని రసమునకు ఒక చరిత్ర కలదు. 1869లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమందు వైన్‌లాండ్ అను ఊరిలో థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అను దంతవైద్యుడుండెను. ఆయన తన మెథడిస్టు సంఘములో బల్ల ఏర్పాటు చూచువాడు. ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చర్ కనిపెట్టిన మార్గమును పట్టుకొని, ఆయన తన ఇంటనే ద్రాక్షరసమును వడగట్టి, సీసాలలో పోసి, మూతి బిగించి, వేడినీళ్లలో ఉంచెను. వేడికి ఆ కణములు చచ్చి రసము పులియక నిలిచెను. అదియును ఒక కుటుంబము వంటింటిలో చేసిన పనియే. ఆయన కొడుకు తరువాత దానిని పెద్ద వ్యాపారము చేసెను.

మా సంఘములో రసము కాచు పని ఒక పెద్దగారి ఇంటిది. ఆ తల్లి భక్తిగలది, శుభ్రముగలది. ఒక వేసవిలో, మట్టలాదివారమునాడు, నేను గిన్నె ఎత్తి కృతజ్ఞతాస్తుతి చెల్లించి పెదవికి తాకించితిని. పులుపు, నురుగు. నాలుక చురుక్కుమన్నది. ఏమియు చెప్పక అందరికి ఇచ్చితిని. పిల్లలు ముఖములు చిట్లించుకొనిరి. కలువరిమీద ప్రభువునకు స్పంజితో అందించినది చిరక, అనగా పులిసిపోయిన ద్రాక్షారసము. ఆ దినము ఆ సంగతి ప్రసంగములో చెప్పవలసినది, నాకు సమయమునకు తోచలేదు.

ఆరాధన ముగిసిన తరువాత ఆ పెద్దగారి భార్య కంటనీరు పెట్టుకొనెను. “రాత్రే కాచానండి, వడగట్టానండి, మూత పెట్టానండి,” అనుచుండెను. అందరును గుమిగూడి ఎండుద్రాక్ష పాతదేమో, నీళ్లు మంచివి కావేమో అని అనుకొనుచుండగా, వెనుక నిలుచున్న గీతవాని భార్య ముందుకు వచ్చి, “ఆ కుండ ఓసారి చూడనియ్యండమ్మగారూ,” అని తీసికొని, లోపల చెయ్యి పెట్టి, వాసన చూచెను.

“రసం తప్పు కాదండి. కుండ కడిగారు గానీ కాల్చలేదండి. కిందటి నెలది గోడలోకి ఇంకిపోయి ఉందండి. పాతది కుండలో ఉంటే కొత్తది ఏం చేత్తాదండి?”

ఎవరును మాటలాడలేదు. మట్టికుండ పీల్చుకొనునది. మోషే ధర్మశాస్త్రములో అపవిత్రమైన మట్టిపాత్రను కడుగుమని లేదు, పగులగొట్టుమని యున్నది. లేవీయకాండము 11వ అధ్యాయము చూడుడి. అందుకే యూదులు శుద్ధీకరణకు రాతిబానలు వాడిరి, రాయి అపవిత్రత అంటించుకొనదని వారి నమ్మకము. కానాలో ఆరు బానలు రాతివేయని యోహాను విడువక వ్రాసెను. 2017లో నజరేతు దగ్గర రైనా అను ఊరిలో అట్టి పాత్రలు తొలిచిన రాతి కార్ఖానా బయటపడెను. అది సున్నపురాయి. దీనికి మా కుండలోని సున్నముతో పోలిక పెట్టి మరియొక ప్రసంగము చేయవచ్చును గాని, అది వాక్యమును సాగదీయుట అగును. చేయను.

ఆ గురువారము కడరాత్రి భోజనపు ఆరాధన ఉండెను. రసము ఎవరు కాయవలెను? ఆ పెద్దగారి భార్యయే నా యొద్దకు వచ్చి, “ఆవిడ చేత చేయించండి. ఆవిడకి కుండ తెలుసు,” అనెను. ఆమె ఆ మాట ఎంత నలిగి అనెనో నాకు తెలియును, ఇరువది యేండ్లుగా అది ఆమె చేతి పని. సంఘపెద్దలు కూడిరి. ఒకాయన లేచి, కల్లులొట్లు కడుగు చేతులతో ప్రభువు బల్ల సిద్ధపరచుటయా అని గట్టిగా అడిగెను. ఆ గట్టుమీదకు సాయంకాలమున దారి ఆయనకు ఎంత బాగుగా తెలియునో ఊరందరికిని తెలియును. గిన్నెకు వెలుపల శుద్ధిచేయువారిని గూర్చి ప్రభువు చెప్పిన మాట నా నాలుకవరకు వచ్చి ఆగినది. ఎందుకనగా అది ముందు నాకే తగిలినది. గీతవానిని గుమ్మమునుండి పంపివేసినవాడను నేను. ఆ సంగతి ఆ సభలో ఒప్పుకొంటిని. అంతకంటె పెద్ద ప్రసంగము నేను ఆ యేడు చేయలేదు. ముసలి పెద్ద చివరకు, “చెయ్యనియ్యండయ్యా. చెడితే మనం ఇదివరకు తాగిందే కదా,” అనగా నవ్వుతో సభ ముగిసెను. అడ్డు చెప్పినాయన మాత్రము నవ్వలేదు. ఆ గురువారము ఆయన బల్లకు రాలేదు, తరువాత రెండు నెలలకు వచ్చెను.

ఆమె క్రొత్త కుండ అడుగలేదు. పాతదానినే తీసికొనిపోయి, ఇసుకతో తోమి, వేడినీళ్లు పోసి త్రిప్పి, తాటాకుమంటపైన బోర్లించి గోడలు వేడెక్కువరకు కాల్చి, రెండు దినములు ఎండలో ఉంచెను. నీ కుండకు సున్నము ఎందుకు పూయలేదని అడిగితిని. “సున్నం మా రసానికండి. దీనికి నిప్పు చాలండి,” అనెను. గురువారము మధ్యాహ్నము కాచి, వేడివేడిగానే కుండలో పోసి, ఉతికిన తెల్లగుడ్డ మూతికి కట్టి, తానే నెత్తిన పెట్టుకొని రెండు గట్లు దాటి తెచ్చెను. పెద్దగారి భార్య ఎదురువెళ్లి దించుకొనెను. ఇద్దరును కలిసి బల్లమీద పెట్టిరి.

దీపములు పెట్టువేళకు ఆరాధన మొదలైనది. రెండవ కీర్తన పాడుచుండగా తలుపు దగ్గర అలికిడియైనది. సాయంకాలపు గీత ముగించుకొని, మోకు బయట గోడకు తగిలించి, ఆయన లోపలికి వచ్చి కట్టకడపటి చాపమీద కూర్చుండెను. కాళ్లు కడుగుకొన్నాడు, చేతులు సరిగా కడుగుకొనలేదు. వ్రేళ్ల సందులలో సున్నము తెల్లగా ఆరియుండెను.